రేకుల షెడ్డు సిస్టరమ్మ

సిస్టరమ్మ పిల్లల దొంగ అన్న మొట్టమొదటి అనుమానం నాదే. ఊరు తరువాత అన్నది, మా మరిది మహేష్ తరువాత అన్నడు, గాని మొదలు నోరు తెరిచింది నేను. ఇప్పుడు ఎవరన్న గా ముచ్చట తీస్తే మా ఇంట్లోళ్లు నా మొఖం చూసి మాట మారుస్తరు. మార్చుడెందుకని నేనే చెప్తున్న.

బోధన్ నుంచి వర్ని పోయే రోడ్డు మీద మా ఊరు. రోడ్డు పక్కన, మా ఇంటికి ఎదురుంగ మాకో రేకుల షెడ్డు ఉంది. పసుపు ఏసిన కాలంల సామాన్లు పెట్టెటోళ్లం, తరువాత ఖాళీగ పడుండె. మొన్నటి సంవత్సరం దీపావళి అయిన ఐదారు దినాలకు ఒక పెద్దామె బస్సు దిగి సీదా మా ఆకిట్లకు వచ్చింది. పొట్టిగుంది. బూడిదరంగు చీర, లావు అద్దాలు, కాళ్లకు రబ్బరు చెప్పులు, మెడల నల్లతాడుకు చిన్న కట్టె సిలువ.

"ఈ షెడ్డు మీదేనా తల్లీ? చెరుకు కోతలు అయ్యేదాక నాకిస్తరా?" అన్నది.

మాటంతా మా మాటే. ఏ ఊరమ్మా అంటె నవ్వింది. "కేరళల పుట్టిన. పందొమ్మిదేండ్లకు ఈడికి తోలిండ్రు. నలభై రెండేండ్లాయె. ఇంక నన్ను వాపస్ రమ్మనేటోళ్లు ఎవరూ లేరు."

పేరు సిస్టర్ లియోబా. గా పేరు మా నోటికి తిరగక సిస్టరమ్మ అన్నం. నిజామాబాద్‌ల వాళ్ల మఠం ఉందట. మొదట్ల డిచ్‌పల్లి దిక్కు కుష్టు రోగుల పిల్లలకు అక్షరాలు నేర్పిందట. తరువాత అనాథ పిల్లలను పెంచిందట. ఇప్పుడు మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టడానికి వచ్చేటోళ్ల పిల్లలను పగలు చూసుకుంటానన్నది.

"వాళ్లు పొద్దు పొడవకముందే చేన్లకు పోతరు. పిల్లలు గట్ల మీద పడుంటరు. నిరుడు ఎండాకు కింద పండుకున్న పిల్ల మీదికెళ్లి ట్రాక్టర్ పోయింది. యాదుందా?"

యాదుంది. మా పక్కూర్లనే. రెండు దినాలు అందరం అయ్యో అన్నం. మూడోనాడు చెరుకు మళ్ల కొట్టిండ్రు.

మా అత్త సాయవ్వ తలుపుకు ఆనుకొని అంతా విన్నది. ఆమె బస్సెక్కి పోయినంక అన్నది, "ఉత్తగ ఎవలు జేస్తరే పిల్లా? మంది పిల్లలకు ముడ్డి కడిగితే ఈమెకేమొస్తది?"

మహేష్ అయితే సాఫ్ చెప్పిండు. "మతంల కలుపుకునేతందుకే వదినా. సూస్తుండు, నెలల పాటలు మొదలైతయి."

నా పెనిమిటి సురేందర్ ఒక్కడే సరే అన్నడు. ఆయన లెక్క ఆయనది. మా మూడెకరాల చెరుకు కోతకు రావాలె, పిల్లలు కాళ్లకడ్డం లేకపోతే కోత జల్ది నడుస్తది.

*

నేను ఆకిట్ల కూసొని బీడీలు చేస్త. ఒళ్లో చాట, చేతుల ఆకు, కత్తెర. చేతులు వాటంతట అవే నడుస్తయి. కండ్లు మాత్రం షెడ్డు దిక్కే ఉండె.

కోతోళ్లు ఊరవతల చెరుకు ఆకుతోని గుడిసెలు ఏసుకున్నరు. వాళ్ల పెద్ద బలీరాం. ముకద్దం అంటరు. ఎవరి చేను ఎప్పుడు కొట్టాలెనో, ఏ జంటను ఏ బండికి పెట్టాలెనో ఆయన మాటే. బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డ కాన్నుంచి చెరుకు దూరం ఫ్యాక్టరీకి పంపాలె, అందుకే మా దిక్కు ఏసేటోళ్లు తక్కువైండ్రు. ఉన్న కొద్దిమందికి కోతోళ్లు దొరుకుడే కష్టం. అందుకే ముకద్దంను మేం అల్లుణ్ని చూసుకున్నట్టు చూసుకునెటోళ్లం.

పొద్దుగాల ఇరవైమంది పిల్లలు షెడ్డుకు వచ్చెటోళ్లు. సిస్టరమ్మ ఒక్కొక్కల్ని నీళ్లతొట్టి కాడ నిలబెట్టి మొఖాలు కడిగి, పేన్లు చూసి, అటుకులు పెట్టేది. సోమారం సోమారం దూలానికి కాంటా కట్టి పిల్లలను గుడ్డల కూసోబెట్టి తూకం ఏసేది. ఫోన్ల ఫోటోలు తీసేది. తల్లులతోని కాయితాల మీద ఏలిముద్రలు ఏపిచ్చుకునేది. ఆ కాయితాలన్ని ఒక నీలం రేకుపెట్టెల పెట్టి తాళమేసి, తాళంచెవి నడుముకు దోపుకునేది. పిల్లలను తూకమేసుడెందుకు? ఏలిముద్రలెందుకు? బేస్తారం బేస్తారం నిజామాబాద్ నుంచి తెల్లటి వ్యాన్ వచ్చేది. కిటికీలకు పరదాలు.

మహేష్ చెప్పిన పాటలు మాత్రం రాలే. ఒక్క ప్రార్థన లేదు, ఒక్క పటం లేదు. ఉంటే అదే అని ఊకుందునేమో. లేకపోయేసరికి నాకు ఇంకింత అనుమానమైంది.

మనిషి కూడ మెత్తగ ఉండేది కాదు. ఒకనాడు పిల్లలకని పేలాల ముద్దలు చేసి తీస్కపోయిన. "ఎప్పుడు చేసినవ్? బెల్లం ఎక్కడిది? నువ్వు తిన్నవా?" అని అడిగి, నేనొకటి తిన్నంకనే పంచింది. నాకు తలకొట్టేసినట్టయింది. ఇంకోనాడు బలీరాం బిస్కెట్ల డబ్బా పట్టుకొని వస్తే గడప దాటనియ్యలే. తలుపుకు అడ్డం నిలబడి, "డబ్బా నాకియ్యి, నువ్వు పో" అన్నది. ఆయన మా దిక్కు చూసి నవ్వుకుంట పోయిండు. ఎంత పొగరు ఈమెకు అనుకున్న నేను.

ఆ పిల్లలల్ల ఐదు నెలల పాప ఒకటుండె. కౌసాబాయి అనే కోతామె బిడ్డ అన్నరు. ఛకులీ అని పిలిచెటోళ్లు. బుగ్గ మీద మిరియపుగింజ అంత పుట్టుమచ్చ. దాన్ని రోజూ పొద్దుగాల ఎత్తుకొచ్చేది వాళ్లక్క, పదిహేనేండ్లు నిండని సన్నటి పోరి. తువ్వాల కప్పుకొని, తల దించుకొని, గోడకు ఒదిగి కూసునేది. ఒకనాడు ఆ పిల్ల జాకెట్ ముందల తడిసి ఉండె. నీళ్లు ఒలకబోసుకున్నదేమో అనుకొని నా బీడీల నేను పడ్డ. పిల్ల పేరు కూడ నేను అడగలే. ఛకులీనే చూసేది, నవ్వేది, చిటికేసేది.

సంక్రాంతి ఇంక పది దినాలుందనంగ ఒక బేస్తారం, సిస్టరమ్మ ఒళ్లో ఛకులీని పెట్టుకొని వ్యాన్ ఎక్కుడు నేను చూసిన. పొద్దుమూకి వ్యాన్ వాపస్ వచ్చింది. సిస్టరమ్మ ఒక్కతే దిగింది.

*

తెల్లారి నేను చాట పక్కన పెట్టి షెడ్డుకు పోయిన.

"ఛకులీ ఏది సిస్టరమ్మా?"

ఆమె ఒక పిల్ల చెవి తుడుస్తుండె. చెయ్యి ఆగలే. "తల్లి దగ్గరుంది."

"పాణం బాగలేదా?"

"మంచిగుంది. తల్లి దగ్గరుంది అన్న గద."

నేను అక్కడి నుంచి సీదా కోత నడుస్తున్న రాజన్నోళ్ల చేనుకు నడిచిన. కౌసాబాయి చెరుకు మోపు కడుతుంది. పక్కన పాప లేదు, ఉయ్యాల లేదు, ఏం లేదు.

"కౌసాబాయీ, ఛకులీ ఏది?"

ఆమె చేతిల తాడు జారిపోయింది. ఇటు చూసింది, అటు చూసింది. బలీరాం బండి కాడ నిలబడి ఉండె. "గావ్‌కు పంపిన అక్కా. మా అత్త దగ్గరికి," అన్నది తెలుగు, మరాఠీ కలిపి. అని మళ్ల వంగి మోపు కట్టుడు మొదలుపెట్టింది.

ఒకామె తల్లి దగ్గరుంది అంటది. తల్లేమో నా ముందలుంది. ఆ తల్లేమో ఊరికి పంపిన అంటది. పాలు తాగే పిల్లను తల్లి లేకుండ ఎవరు పంపుతరు? వ్యాన్ నిజామాబాద్ దిక్కు పోయింది, వాళ్ల ఊరున్న నాందేడ్ దిక్కు కాదు. అమ్మిండ్రు అనుకున్న. ఇద్దరు కలిసి అమ్మిండ్రు.

సురేందర్‌తోని చెప్తే, "నీకెందుకే మందిలొల్లి, కోత కానియ్యి" అన్నడు. అత్తతోని చెప్తే చీపురు తీస్కొని ఆకిలి ఊడ్వ పోయింది. అందుకే మహేష్‌కు చెప్పిన. చెప్పకముందు అనుకున్న, వీడు నోరాగడని. అయినా చెప్పిన.

మహేష్ ఫోన్ల మా మూడూర్ల వాళ్లు ఉన్న గ్రూపులున్నయి. నా ఫోన్ల ఛకులీ ఫోటో ఒకటుండె, నేను తీసిందే. అది అడిగి తీస్కున్నడు.

"పోలీసులకు చెప్దాం మహేష్," అన్న.

"వాళ్లకు చెప్తే వాళ్లింత, ఈళ్లింత. ముందుగాల ఊరికి తెల్వాలె వదినా."

రెండు గంటలల్ల ఆ ఫోటో నా ఫోన్లకే తిరిగొచ్చింది. కింద ఏమేమో రాసి ఉంది. పాపను అమ్మిన ముఠా అన్నరు. కిడ్నీలన్నరు. నేను చెప్పనివి కూడ నేను చెప్పినట్టే ఉన్నయి.

*

మళ్ల బేస్తారం పొద్దుగాల వ్యాన్‌ను మా షెడ్డు ముందలనే ఆపిండ్రు. రోడ్డు నిండ జనం. నేను ఉరికొచ్చేసరికి సిస్టరమ్మను కిందికి గుంజిండ్రు. డ్రైవర్‌ను రెండు ఏసిండ్రు. పిల్లలు షెడ్డు లోపల బోరున ఏడుస్తున్నరు.

"పాపను ఎంతకు అమ్మినవే?" అని ఒకరు. "పెట్టె తాళం తియ్యి" అని ఇంకొకరు. ఎవరో ఇసిరిన రాయి వచ్చి నుదుటికి తగిలింది. అద్దాలు కింద పడి పలిగినయి. కనుబొమ్మ మీదికెళ్లి నెత్తురు. ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నిలబడ్డది. ఒక్క మాట లేదు. అమ్మలేదు అని కూడ అనలే. గా మౌనం చూసి నేను, అనుమానం నిజమే అయ్యిందని అనుకున్న. లేకపోతే చెప్పరాదా? ఎక్కడుందో ఒక్క మాట చెప్తే అయిపాయె గద?

అందరికన్న ఎక్కువ లొల్లి చేస్తున్నది బలీరాం. మా మనుషుల పిల్లలు, మేం గరీబోళ్లం అని ఛాతి గుద్దుకుంటుండు. మందిని నూకుకుంట ముందలికి వచ్చి సిస్టరమ్మ భుజం పట్టి ఊపిండు.

"కోమల్ కుఠే ఆహే?" అన్నడు. "కోమల్ ఏది? చెప్పు! కోమల్‌ను యాడ పెట్టినవ్?"

కోమల్ ఎవరు?

మందంతా ఛకులీ ఏది అంటుంటే ఈయన కోమల్ ఏది అంటుండు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. నేను షెడ్డు గోడ దిక్కు చూసిన. ఆ సన్నటి పోరి రోజూ ఒదిగి కూసునే జాగ. ఖాళీ.

ఎన్ని దినాల నుంచి ఖాళీ? నాకు తెల్వది. పాప పోయిందని వారం దినాల నుంచి కండ్లల్ల ఒత్తులేసుకొని చూస్తున్న గాని, పాపను ఎత్తుకొచ్చే పిల్ల పోయిందని నేనే చూడలే. ఊరే చూడలే. ఒక్క బలీరాం తప్ప.

కౌసాబాయి మంది ఎనుక నిలబడి ఉండె. బిడ్డ పోయిన తల్లి ఏడ్వాలె, మొత్తుకోవాలె. ఆమె ఏడుస్తలే. సిస్టరమ్మ దిక్కు చూసి తల అడ్డంగ ఊపుతుంది, కొద్దిగనే, ఎవరికి కనిపియ్యకుండ. చెప్పకు అన్నట్టు. నాకు ఆ తడిసిన జాకెట్ యాదికొచ్చింది. ఆ తువ్వాల యాదికొచ్చింది. తల్లి దగ్గరుంది అన్న మాట యాదికొచ్చింది.

ఆ మందిల ఒక్కడు వినొద్దని సిస్టరమ్మ మందందరికి దొంగయి నిలబడ్డది.

"నేనే బస్సెక్కించిన!" అన్న.

అంత గట్టిగ అంటానని నాకే తెల్వది. అందరు ఇటు తిరిగిండ్రు.

"అక్కాచెల్లెండ్లను ఇద్దర్ని బోధన్ బస్టాండ్‌ల నేనే బస్సెక్కించిన. వాళ్ల నాయనమ్మకు పాణం బాగలేదంటె ఊరికి పోయిండ్రు. ఈ అమ్మ బస్టాండ్ దాక వ్యాన్‌ల దించింది, అంతే. నేను ఆడ బీడీల ఆకు కోసం పోయి ఉంటి."

మహేష్ నా ముందలికొచ్చిండు. మొఖం మాడిపోయింది. "మరి నాతోని అట్ల చెప్పినవేంది వదినా?"

"పొరపాటైంది."

"పొరపాటా? ఫోటో ఇచ్చినవ్ గద!"

"నా నోట్ల మన్నుపడ, పొరపాటైంది అంటున్న గద! ఇడువుండ్రి ఆమెను!"

మంది కొంచెంసేపు గుసగుసలాడిండ్రు. ఒకామె నన్ను చూసి థూ అని ఉమ్మింది. తరువాత ఒక్కొక్కరు జారుకున్నరు. రాయి ఇసిరింది ఎవరో ఇప్పటికీ ఎవరు చెప్పరు. నేను కింద కూసొని అద్దాల ముక్కలు ఏరుతుంటె సిస్టరమ్మ నా దిక్కు ఒక్కసారి చూసింది. అద్దాలు లేకుండ ఆమెకు నేను కనిపిచ్చిన్నో లేదో.

బలీరాం మాత్రం పోలే. రోడ్డవతల నిలబడి నన్నే చూస్తుండు.

*

సోమారం నాడు ఆమె మళ్ల వచ్చింది. కనుబొమ్మ మీద ఐదు కుట్లు, కొత్త అద్దాలు. దూలానికి కాంటా కట్టి పిల్లలను తూకమేసుడు మొదలుపెట్టింది. మధ్యాహ్నం పిల్లలు పండుకున్నంక నేను పోయి గడప బయట నిలబడ్డ.

"సిస్టరమ్మా, మొదలు చెప్పింది నేనే."

"తెలుసు."

"పాపను అమ్మినవ్ అనుకున్న."

ఆమె నన్ను లోపలికి పిలిచి పక్కన కూసోబెట్టుకున్నది. "పాప ఏది అని అడిగినవ్. అది తప్పు కాదు. నలభై రెండేండ్లల అట్ల అడిగినోళ్లు నాకు తక్కువ దొరికిండ్రు. నాకు చెప్పేతందుకు లేకుండె. నమ్మకం కుదరకపోతే ఇంకోసారి నన్నే అడగాలె. పోలీసులను అడగాలె. నువ్వు మందిని అడిగినవ్. గది తప్పు."

ఓదార్చలే. పర్వాలేదు బిడ్డా అనలే. నేను ఏడ్చిన. ఆమె ఏడ్వనిచ్చింది.

అప్పుడు చెప్పింది, చిన్నగ. కోమల్ కౌసాబాయి బిడ్డ. ఛకులీ కోమల్ బిడ్డ. నిరుడు కోతలప్పుడు జరిగింది, చేసింది ముకద్దం. ఇజ్జత్ పోతదని కౌసాబాయి ఆ పాపను తనే కన్నట్టు చెప్పుకున్నది. ముకద్దంను కాదంటె యాడా పని ఉండదని ఈసారి కూడ ఆయన ఎనుకనే వచ్చిండ్రు. ఇంక ఆయన మళ్ల పిల్లను గుడిసెకు పిలుస్తుండు. ఆ బేస్తారం నాడు కోమల్‌ను వ్యాన్‌ల సీట్ల కింద పండబెట్టి తీస్కపోయింది సిస్టరమ్మ. నిజామాబాద్‌ల సర్కారు పిల్లల కమిటీ సార్ల ముందల నిలబెట్టింది. కేసు అయ్యేదాక పిల్ల యాడుందో ఎవరికి చెప్పొద్దని వాళ్లే అన్నరట.

"నాకు కూడ చెప్పకు," అన్న నేను.

"నీకు ఎందుకు చెప్త?" అన్నది ఆమె.

*

రెండు దినాలకు బలీరాం మా ఆకిట్లకు వచ్చిండు. మంచం మీద కూసొని నీళ్లు అడిగి తాగిండు.

"వహినీ," అన్నడు, వాళ్ల మాటల వదినా అని. "ఏ బస్సెక్కించినవ్?"

"నాందేడ్ బస్సు."

"ఎన్ని గంటలకు?"

"పదకొండుకు."

"పదకొండుకు నాందేడ్ బస్సు లేదు గద?"

నా చేతిల బీడీ చినిగిపోయింది. "బిలోలి బస్సేమో. నాకు బోర్డు చదవరాదు."

నాకు చదవొస్తది. ఏడో తరగతి దాక చదివిన. ఆయన నవ్విండు. లేచి, మా చేను దిక్కు చూసిండు. "మీ చెరుకు మంచిగుంది వహినీ. పూత రాకముందే కొట్టాలె. లేకుంటె బెండయితది."

అంతే అన్నడు. తెల్లారి కోతోళ్లు మా చేను దాటి అవతలి చేన్ల దిగిండ్రు. మాకు ఫ్యాక్టరీ నుంచి కోత ఆర్డర్ వచ్చి వారమైతుంది. ఒక దినం, రెండు దినాలు, పది దినాలు. మా చెరుకు నిలబడే ఉంది. చుట్టు నాలుగు చేన్లు కొట్టేసి ఖాళీ అయినయి, మధ్యల మాదొక్కటే తెల్లపూత ఇచ్చుకుంట నిలబడ్డది. మహేష్ మా ఇంటికి రాకడ బంద్ చేసిండు. నీళ్లకు పోతే ఆడోళ్లు మాట ఆపెటోళ్లు.

సురేందర్ ఒక పొద్దున అన్నం ముందల కూసొని చెయ్యి పెట్టలే. "ఏం జేసినవే ముకద్దంను? కాళ్లు పట్టుకున్న ఆయనయి. నీ పెండ్లాం అబద్ధం ఇడిస్తే కత్తి పడతం అంటుండు. ఏం అబద్ధం అది?"

నేను చెప్పిన. మొత్తం చెప్పిన. "మనకెందుకే ఇది?" అన్నడు, కోపం కూడ లేదు, అలిసిపోయినట్టు. "మూడెకరాలే. మూడెకరాలు ఎండిపోతుంది. ఎవరి పిల్లనో ఏమో."

అర్రల కెళ్లి మా అత్త బయటికొచ్చింది. గడప మీద కూసున్నది.

"నాకు పదమూడేండ్లున్నప్పుడు బీడీల కార్ఖానకు పోతుంటి," అన్నది. "బీడీలు సూసి తీస్కునేటోడు ఒకడుండె. అర్రలకు రమ్మంటుండె. నేను కార్ఖానకు పోనని ఏడుస్తుంటి. మా అవ్వ ఈపుల గుద్ది తోలేది. ఎందుకు పోనంటున్నవే అని ఒక్కనాడన్న అడగలే."

సురేందర్ కంచం పక్కకు నూకిండు.

"గా చెరుకు నీ అయ్య ఏసింది కాదు, నేను ఏపిచ్చింది. పోతే పోనియ్యి," అన్నది అత్త. లేచి పొయ్యి కాడికి పోయింది.

ఆయన ఆ పొద్దు అన్నం తినలే. చేనుకు కూడ పోలే. పొద్దంత మంచంల గోడదిక్కు తిరిగి పండుకున్నడు. తెల్లారి నేను లేచేసరికి ఆయన ఆకిట్ల కూసొని సానరాయి మీద కత్తి నూరుతుండు.

"చీర చేతులు కప్పుకునేటట్టు కట్టుకో," అన్నడు. "ఆకు కోస్తది."

*

మాకు చెరుకు కొట్టుడు రాదు. ఏసుడొస్తది, నీళ్లు కట్టుడొస్తది, కొట్టుడు రాదు. కోతోళ్లు ఒక్క ఏటుకు తెంపేది మేం నాలుగు ఏట్లకు తెంపుతుంటిమి. ఆయన కొడుతుంటే నేను ఆకు దూసి కొసలు నరికేది, అత్త ముక్కలు జమచేసేది. డెబ్బై ఏండ్ల మనిషి. మొదటినాడు సాయంత్రానికి మా చేతులు మూసుకపోలే, తెరుచుకపోలే. మొఖమంతా గీరుకపోయి సబ్బు పెడితే మంట. రెండోనాడు కూడ మేం ముగ్గురమే. రోడ్డు మీద పోయేటోళ్లు నిలబడి చూసి పోయెటోళ్లు.

మూడోనాడు మధ్యాహ్నం అవతలి గట్టు నుంచి ఏటు చప్పుడు వినబడ్డది. చూస్తే మహేష్. అంగీ ఇప్పి గట్టు మీద పెట్టి అటు దిక్కు నుంచి కొట్టుకుంట వస్తుండు. సురేందర్ చూసి మళ్ల తన పనిల పడ్డడు. రొట్టె యాళ్లకు నేను తట్ట తీస్కపోతే తీస్కున్నడు. "వదినా, గా ముకద్దం ఆనాడు కోమల్, కోమల్ అన్నడు," అన్నడు. "నిన్న రాత్రంత నాకదే ఇనబడ్డది." నేను ఇంకో రొట్టె ఏసిన.

సగం చేను అయినంక, శివరాత్రికి ముందు ఒకనాడు పొద్దుగాల నిజామాబాద్ నుంచి పోలీసు జీపు వచ్చింది. బలీరాంను గుడిసెల కెళ్లి తీస్కపోయిండ్రు. కోతోళ్లు ఆ దినమే మూటలు కట్టుకున్నరు. కొందరు మమ్ములను తిట్టిండ్రు. మా పొట్ట కొట్టిండ్రు అన్నరు, అదీ అబద్ధం కాదు. కౌసాబాయి మాత్రం వాళ్ల బండి ఎక్కలే. షెడ్డు ముందల మూట పెట్టుకొని కూసున్నది. వ్యాన్ వచ్చినంక సిస్టరమ్మ చెయ్యి పట్టుకొని ఎక్కింది. నా దిక్కు చూసి చేతులు జోడిచ్చింది. నాకు ఎటు చూడాలెనో తెల్వలే.

మా చెరుకు సగం బెండయింది. ఫ్యాక్టరీకి పోయింది పోయింది, మిగిలింది పశువులకేసినం. మళ్లేడాది చెరుకు ఏయొద్దని సురేందర్, మహేష్ కలిసి అనుకున్నరు.

*

ఉగాది అయినంక నేను, సురేందర్ నిజామాబాద్ పోయినం. సిస్టరమ్మ ఉండే ఇల్లు రైల్వే గేటు అవతల ఒక సందుల ఉంది. ఆయన గేటు బయటనే ఆగిండు. ఆడోళ్లు ఉండే జాగ, నువ్వు పో అన్నడు.

సిస్టరమ్మ చెట్టు కింద ముక్కాలి పీట ఏసుకొని ఒక పిల్ల తలల పేన్లు చూస్తుండె. కనుబొమ్మ మీద గీత పడ్డది, వెంట్రుకలు మళ్ల రాలే. నన్ను చూసి లేవలే, పక్కన పీట చూపిచ్చింది. అత్త ఎట్లుంది, చేతులు మానినయా అని అడిగింది. కార్తీకంల మళ్ల షెడ్డు కావాలె అన్నది. చెరుకు మేం ఏస్తలేం గాని షెడ్డు ఉంటది అన్న. వేరే ఊర్లల్లకెళ్లి కోతోళ్లు వస్తరు, నువ్వు కూడ నాతోని ఉండాలె, ఏ పిల్ల బక్కవడుతుందో తెలిసేటట్టు తూకం రాయాలె, తల్లుల ఒప్పుకోలు కాయితాలు రాయాలె, నాకు కండ్లు ఆనుతలేవు అన్నది. సరే అన్న.

కొద్దిసేపు కూసున్నంక అడిగిన. "సిస్టరమ్మా, కోమల్ ఈడనే ఉందా?"

"లేదు."

"మరి యాడుంది? ఒక్కసారి చూసొస్త. దూరం నుంచి చూసొస్త."

"చెప్ప."

"నేనెవరికి చెప్తనమ్మా? మా ఇంటాయనకు కూడ చెప్ప."

"అయినా చెప్ప," అన్నది, పేన్ల దువ్వెన ఆపకుండ. "అది నీ తప్పు కాదు. ఎవరికి చెప్ప."

నాకు కోపం రాలే. వస్తదనుకున్న గాని రాలే.

నేను సంచిల కెళ్లి ఛకులీకని రెండు చిన్న గౌన్లు తీసిన. మా అత్త పాత చీర మెత్తగుంటదని, దాన్ని కత్తిరిచ్చి కుట్టినవి. సిస్టరమ్మ దువ్వెన పక్కన పెట్టి, అద్దాలు పైకి నూకి, గౌను రెండు చేతుల పట్టుకొని చూసింది. భుజాల కాడ ఏళ్లతోని కొలిచింది. తల అడ్డం ఊపి నాకు వాపస్ ఇచ్చింది.

"పట్టవు," అన్నది. "ఇంకో జానెడు పెద్దగ కుట్టి తీస్కరా. చేతులు కూడ లూజు పెట్టు. ఒక్కకాడ ఉండదు, అంతా పాకుతుంది."

బయటికొచ్చే వరకు సురేందర్ గేటు పక్కన నీడల నిలబడి ఉండె. నా చేతిల గౌన్లు చూసిండు.

"యాడుందట?"

"చెప్పలే."

"మరి ఇవి?"

"చిన్నగైనయట," అన్న. "పిల్ల పెరిగిందట."